పేరు రాయని బీ సైడ్

మీరు అడిగింది ముందు నాలుగు మాటల్లో చెప్పుకుంటాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీది నర్సంపేట దగ్గర ఊరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు క్యాబ్‌లో మీ ఫోన్ బ్లూటూత్‌కు కలవగానే ఊళ్లో బరాత్‌లో మోగే జానపదం పాట ఎత్తుకుంది. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మీరు గబుక్కున ఇంగ్లీషు పాటకు మార్చేశారు. "మనిషి ఏ పాట వినాలో వాడి డబ్బు, వర్గం నిర్ణయిస్తాయా? ఆ ఇంగ్లీషు పాట నాకు నిజంగా ఇష్టమా, లేక నటిస్తున్నానా?" అని అడిగారు.

తమ్ముడూ, నేను సంగీతం చదువుకున్నవాణ్ని కాను. 1987 నుంచి పద్దెనిమిదేళ్లు హన్మకొండ చౌరస్తా దగ్గరి గల్లీలో క్యాసెట్ల దుకాణం నడిపాను. జనం కావలసిన పాటలు కాగితం మీద రాసుకొచ్చేవారు, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాణ్ని. చట్టం ప్రకారం తప్పే, కానీ అప్పట్లో ఊరూరా ఇదే పని. క్యాసెట్లు పోయాక పెళ్లిళ్లకు సౌండ్ సిస్టం కిరాయికి ఇచ్చాను. ఇప్పుడు వయసు మీద పడి, ఇంట్లోనే కూర్చుని పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఇస్తున్నాను. మందుల షాపువాడు చీటీ చూసి రోగం చెప్పినట్టు, పాటల చీటీ చూసి మనిషి ఎక్కడివాడో, ఏం పని చేస్తాడో చెప్పగలిగేవాణ్ని. పదిలో ఏడెనిమిది సార్లు సరిగ్గానే ఉండేది. తప్పిన ఆ రెండు మూడే నాకు ఎక్కువ నేర్పాయి.

డబ్బు సంగతి ముందు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఇటు ఆరు, అటు ఆరు, పన్నెండు పాటలు పడతాయి. తొంభై క్యాసెట్ అయితే ఇంకో ఆరు పడతాయి గానీ టేపు పల్చన, ఎండాకాలం రాగానే చిక్కుకుని ముడతలు పడేది. ఆ మాట చెప్పినా కూలిపని చేసేవాళ్లు తొంభైయే అడిగేవారు. ఒకటి కొంటే ఏడాది వినాలి కాబట్టి పాటను తూకం వేసి తీసుకునేవారు. "అది ఆరు నిమిషాలుంటది, దాని జాగల రెండు చిన్నవి ఎక్కియ్యి" అని ఒకాయన బేరం ఆడటం నాకింకా గుర్తు. అదే డబ్బున్నవాడు "మీకు నచ్చినవి ఏవో నింపండి" అని వెళ్లిపోయేవాడు. కొత్త పాటను పరీక్షించి చూడటానికి కూడా పైసలు కావాలి. నచ్చకపోతే పోయేది పన్నెండు రూపాయలే అనుకునేవాడికీ, పూట కూలి పోతుందనుకునేవాడికీ చెవి ఒకేలా తెరుచుకోదు. పేదవాళ్లు ఎప్పుడూ ఒకే రకం పాటలు వింటారని వెక్కిరించేవాళ్లకు ఈ లెక్క తెలియదు.

రెండోది చేసే పని. దీన్ని ఎవరూ పట్టించుకోరు. వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు 1934లో పెట్టారు. నా దుకాణం కొత్తల్లో ఇంకా నడుస్తుండేది. మగ్గాల విభాగంలో పాతికేళ్లు చేసిన ఒకాయన వచ్చేవాడు. నేను ఎక్కించిన క్యాసెట్ పెట్టి వినిపిస్తే "పిల్లనగ్రోవి ఏదయ్యా, తీసేసినవా?" అన్నాడు. ఉంది. ఆయనకు వినపడటం లేదు. ఏళ్ల తరబడి భారీ చప్పుడులో ఉన్నవాళ్లకు ముందు సన్నటి శబ్దాలే పోతాయి, 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. మద్దెల, డప్పు, మగ గొంతు మిగులుతాయి. ఆయన చీటీలో అన్నీ గట్టి దరువు పాటలే. చదువుకున్న మా కస్టమర్ ఒకరు అది చూసి "మాస్ టేస్ట్" అని నవ్వారు. టేస్ట్ కాదది, మిల్లు ఆయన చెవిలో మిగిల్చింది అంతే.

అదే వరంగల్‌లో కొత్తవాడ. తివాచీలు, జంపఖానాలు నేసే పద్మశాలి ఇళ్లు. చేతిమగ్గం చప్పుడు చేస్తుంది గానీ చెవిని తినదు. చేతులకు, కాళ్లకు పని, చెవి మాత్రం ఖాళీ. అందుకే ఆ ఇళ్లలో పొద్దంతా రేడియో మోగేది. హరికథలు, నాటకాలు, భక్తిరంజని, విడవకుండా గంటలు గంటలు. వాళ్లు నా దగ్గరికి వచ్చి అడిగేవి కూడా పొడుగు కథలే. మిల్లు కార్మికుడూ, చేనేత కార్మికుడూ ఇద్దరూ నూలు మనుషులే, ఆదాయంలో పెద్ద తేడా లేదు, చీటీలు మాత్రం ఆమడ దూరం. కాబట్టి ఆదాయం ఒక్కటే చూసి అభిరుచి చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

వర్గం అనగానే మన దగ్గర కులం రాకుండా పోదు. క్యాసెట్లకు ముందు, రేడియోకు ముందు, ఎవరి పాట వాళ్లకు పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది. కురుమలకు, గొల్లలకు ఒగ్గు కథ, అంటే డోలు కొడుతూ చెప్పే మల్లన్న, బీరన్న కథలు. గొల్లలకే మందెచ్చులవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్తారు. ముదిరాజులకు పాండవులవాళ్లు, మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. వీళ్లలో చాలామంది కథ చెబుతూ చూపించే బొమ్మల పటాలు మన చేర్యాల నకాషీ చిత్రకారులు గీసినవే. ఆ కథ చెప్పించుకోవడం ఆ కులం హక్కు, ఆ ఇళ్లలో కట్నం అందుకోవడం చెప్పేవాళ్ల హక్కు. ఇంకో కులం కథను కోరుకునే సందే లేదు. ఇష్టాయిష్టాలు అప్పుడు అసలు ప్రశ్నే కాదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కర్ణాటక సంగీతం అంటే పై కులాలది, చదువుకున్నవాళ్లది అని లోకంలో పేరు. అయితే ఉమ్మడి వరంగల్‌లో ఏ పెళ్లికి వెళ్లినా త్యాగరాజ కృతిని సన్నాయి మీద పలికించేది ఎవరు? నాయీబ్రాహ్మణులు. పొద్దున అదే ఇంట్లో క్షవరం చేసి, సాయంత్రం అదే ఇంటి పందిట్లో రాగం ఎత్తుకునేవాళ్లు. ముందు వరసలో కూర్చున్నవాళ్లలో సగం మందికి అది ఏ రాగమో తెలియదు. అది తెలిసినవాడికి భోజనం మాత్రం చివరి బంతిలో. అంటే సంగీతం తెలిసినవాళ్లు వేరు, 'సంగీతం తెలిసినవాళ్లు' అని పేరున్నవాళ్లు వేరు. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఏ పాట గొప్పది, ఏది చవకది అని పైనుంచి తీర్మానించాలని సర్కారు కూడా ప్రయత్నించింది. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలు గిట్టవు. ఆకాశవాణిలో వాటిని బాగా కత్తిరించి శాస్త్రీయ సంగీతం పెంచారు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే శ్రీలంక స్టేషన్ రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టి సినిమా పాటలకు చోటివ్వాల్సి వచ్చింది. అయితే ఆ ఐదేళ్ల గొడవలో ఒక భావం మాత్రం మధ్యతరగతిలో ఇంకిపోయింది. సినిమా పాట వినొచ్చు, కానీ దాన్ని సంగీతం అనకూడదు. మా స్కూలు పంతులుగారు ఇంట్లో వివిధ భారతి వింటూ, ఎవరైనా వస్తే స్టేషన్ మార్చేవారు. మీరు క్యాబ్‌లో చేసిన పని అదే. ఆయన ముల్లు తిప్పారు, మీరు వేలు తోశారు.

1980లలో ఇంకో మార్పు వచ్చింది, అది దుబాయి నుంచి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు సెలవుల్లో రెండు స్పీకర్ల టేప్‌రికార్డర్ భుజాన వేసుకుని దిగేవారు. అంతవరకు ఊళ్లో దొర గడీలోనో, టీచర్ ఇంట్లోనో ఉండే వస్తువు, ఇప్పుడు నిన్నటి పాలేరు అరుగు మీద. దాన్ని లోపల పెట్టి వింటే ఏం లాభం? వీధి మొత్తానికీ వినిపించాలి. సౌండు ఎక్కువ పెడుతున్నారని విసుక్కున్నవాళ్లకు సౌండు కన్నా ఆ అరుగు ఎవరిదన్నదే ఎక్కువ బాధ అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు నా లెక్క తప్పిన ఒక చీటీ సంగతి. ఒక కాలేజీ లెక్చరర్ నెలకోసారి వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, మెల్లగా మాట. చీటీలో అన్నీ కృతులే, రాగం పేర్లతో సహా ముత్యాల్లాంటి అక్షరాలు. నేను లోపల ఆయనకు ఒక కులం, ఒక అగ్రహారం కూడా అంటగట్టేశాను. ఒకరోజు సొంత క్యాసెట్ తెచ్చి "ఏ సైడ్ ఇవి ఎక్కించండి, బీ సైడ్ ముట్టుకోకండి" అన్నారు. ఎక్కించాక అలవాటుగా తిప్పి పెట్టి చూశాను. బీ సైడ్‌లో ఒగ్గు కథ. ఎవరో ఊళ్లో గుడి ముందు చేతి మైకుతో రికార్డు చేసింది. డోలు, తాళాలు, కుక్కలు, పిల్లల ఏడుపు, మధ్యలో మల్లన్న. లేబుల్ మీద ఏ సైడ్‌కు ఆరు కృతుల పేర్లు రాశాను. బీ సైడ్‌కు ఏం రాయమంటారని అడిగితే, దుకాణంలో ఇంకో ఇద్దరు ఉన్నారు, ఆయన వాళ్లవైపు చూసి "ఏం రాయొద్దు, ఖాళీగా ఉంచండి" అన్నారు.

ఆ రోజు నుంచి చీటీ చదవడం కన్నా ఒక ప్రశ్న వేసుకోవడం నేర్చుకున్నాను. ఈ మనిషి ఏ పాట పేరు లేబుల్ మీద రాయనివ్వడు? వర్గం జాడ అక్కడ దొరుకుతుంది.

ఇది నా సొంత వేదాంతం అనుకున్నాను. మా అమ్మాయి కాకతీయ యూనివర్సిటీలో సోషాలజీ చదివేటప్పుడు చెప్పింది, ఇదంతా ఎప్పుడో రాశారట. ఫ్రాన్స్‌లో పియరీ బోర్డ్యూ అనే ఆయన 1960లలో 1,217 మందిని అడిగి, ఆ లెక్కలతో 1979లో పెద్ద పుస్తకం వేశాడు. బ్లూ డాన్యూబ్ అనే వాల్ట్జ్ నృత్య బాణీని చేతిపని చేసే కార్మికుల్లో దాదాపు సగం మంది ఎంచుకుంటే, పై చదువుల అధ్యాపకులు బాఖ్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త రచనల వైపు పోయారు. ఆయన చెప్పినదాంట్లో నాకు నచ్చింది వేరే ముక్క. అభిరుచి అంటే మొదట అసహ్యం అంటాడు. ఎదుటివాళ్ల రుచిని చూసి ముఖం చిట్లించడంతోనే మన రుచి తయారవుతుందని. బ్లూ డాన్యూబ్, బాఖ్ రెండూ శాస్త్రీయ బాణీ పాటలే కదా, మాకు తేడా తెలిసేది కాదేమో అన్నాను అమ్మాయితో. "అదే నాన్నా పాయింటు, వాళ్లకు తెలుస్తుంది" అంది.

తర్వాత అమెరికాలో ఈ మాటను సరిదిద్దారు. రిచర్డ్ పీటర్సన్ 1990లలో చూపించింది ఏమిటంటే, పై తరగతివాళ్లు ఇప్పుడు శాస్త్రీయం ఒక్కటే వినరు, అన్నీ వింటారు. అదే కొత్త హోదా. "నేనా? గజల్ వింటా, రాక్ వింటా, జానపదం కూడా వింటా" అనగలగడం. కానీ 1996లో బెథనీ బ్రైసన్ అనే పరిశోధకురాలు ఆ 'అన్నీ'లో చిల్లు ఎక్కడుందో పట్టుకుంది. చదువు పెరిగేకొద్దీ నచ్చని రకాలు తగ్గుతాయి, నిజమే. అయినా ఎక్కువ చదువుకున్నవాళ్లు మిగుల్చుకున్న ఆ కొద్ది అయిష్టాలు ఎక్కువగా అతి తక్కువ చదువుకున్నవాళ్లు ఇష్టపడే పాటల మీదే: ర్యాప్, హెవీ మెటల్, అక్కడి పల్లె బాణీ అయిన కంట్రీ, చర్చి పాటలు. మన దగ్గర దీనికి అనువాదం అక్కర్లేదు. "నేను అన్ని పాటలూ వింటాను, ఆ డీజే గోల ఒక్కటి తప్ప" అనే మాట మీ ఆఫీసులోనే విని ఉంటారు.

అయితే ఏ పాటకు సిగ్గుపడాలో రాసిన పట్టిక రాతి మీద చెక్కింది కాదు. నా కళ్లముందే రెండుసార్లు మారింది. డప్పు సంగతే చూడండి. మేకతోలు మూసి, మంట మీద కాచి, సిర్రతో, సిటికెన పుల్లతో కొట్టే వాయిద్యం. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, అదీ కూలి లేని వెట్టి. మా చిన్నప్పుడు చదువుకున్న మాదిగ పిల్లలు దాన్ని ముట్టుకోము అని తెగేసి చెప్పారు, వాళ్ల కోపం న్యాయమైనది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక అదే డప్పు మెడలో వేసుకుని మీటింగుకు రావడం గర్వమైంది. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం అనే ఆటపాటల వేదికల మీద డప్పు లేని సభ లేదు. మా గల్లీలో ఇంతకుముందు "పొద్దున్నే ఆ డప్పు పాటలేంటి" అన్న డాక్టరుగారి ఇంట్లోంచే 2011 సకల జనుల సమ్మె రోజుల్లో అవే పాటలు వినిపించాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, బడి ముఖం చూడక గొర్రెలు కాసి, తాపీ పని చేసిన అందెశ్రీ రాసిన పాట 2024లో రాష్ట్ర గీతమైంది. పాట అదే, వినేవాళ్ల ముఖాల్లో చిట్లింపు పోయింది.

ఇందులో నాకు కొంచెం చేదు కూడా ఉంది, దాచను. డప్పుకు గౌరవం వచ్చినంత, డప్పు కొట్టేవాడికి రాలేదు. పెద్ద ఫంక్షన్ హాల్లో 'ట్రెడిషనల్' అని చెప్పి పది మంది డప్పువాళ్లను వరసగా నిలబెట్టి ఫొటోలు దిగుతారు. నేను సౌండ్ పెట్టిన ఒక పెళ్లిలో వాళ్లకు భోజనం ఎక్కడ పెట్టారో అడగకండి. సన్నాయివాళ్ల చివరి బంతి నేను ముందే చెప్పాను.

సౌండ్ పని నేర్పింది ఇంకోటి. నిశ్శబ్దానికి పైసలు కావాలి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని, బహిరంగంగా రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి. మంచి నిబంధనే. కానీ ఏసీ హాల్లో తలుపులు మూసి అర్ధరాత్రి దాకా డీజే నడిపితే అడిగేవాడు ఉండడు. బస్తీలో హాలు లేదు, రోడ్డే హాలు, బరాత్ పది దాటితే పోలీసులు నా యాంప్లిఫయర్ ఎత్తుకుపోయేవారు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటే ఒకరి పాట అందరి పాట. సొంత గది, తలుపు, మంచి హెడ్‌ఫోన్ ఉన్నవాడికే 'నా అభిరుచి' అనేది విడిగా పెరుగుతుంది. మీకు ఆ గది ఇరవై రెండేళ్లకు, ఉద్యోగం వచ్చాక దొరికి ఉంటుంది. చిన్నప్పుడు విన్నది ఊరందరి పాట.

ఫోన్లు వచ్చాక ఇదంతా పోయిందని కొందరు అంటారు. 2016లో జియోతో డేటా చవకయ్యాక భూపాలపల్లి పిల్లవాడూ, బంజారాహిల్స్ పిల్లవాడూ ఒకే యూట్యూబ్ చూస్తున్నారు కదా అని. కొంత నిజం. మన జానపదం పాటలకు కోట్లలో వ్యూస్ రావడం ఆ డేటా పుణ్యమే, ఊళ్లో పాడే పిల్లలు క్యాసెట్ కంపెనీ గడప తొక్కకుండా పైకి వచ్చారు. కానీ ఆ కోట్ల మందిలో ఎంతమంది క్యాబ్‌లో స్పీకర్ మీద పెడతారు?

మీ రెండో ప్రశ్న: ఆ ఇంగ్లీషు పాట నటనా? కాదు. మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు 1989లో చూపించారు, మనిషికి సగటున ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో ప్రచారంలో ఉన్న పాటలే జీవితాంతం ఎక్కువ ఇష్టంగా ఉంటాయని. మీరు సరిగ్గా ఆ వయసులో, కొత్త సోపతిగాళ్లతో, కొత్త ఊళ్లో ఆ పాటలు విన్నారు. అవి మీవే. జానపదం కూడా మీదే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కావాలని ఎవరు చెప్పారు? ఇబ్బంది పాటల్లో లేదు, ఒకటి లేబుల్ మీద రాసుకుని ఇంకోటి ఖాళీగా ఉంచడంలో ఉంది. రేపు క్యాబ్‌లో మళ్లీ జానపదమే పెట్టండని నేను చెప్పను. నవ్వినవాళ్లతో రోజూ కలిసి పని చేయాల్సింది మీరు, నేను కాదు. అయితే ఆ నవ్వినతను ఎక్కడివాడో కనుక్కోండి. నా అనుభవంలో ముందు నవ్వేది చాలాసార్లు పక్క ఊరివాడే. వాడికి ఆ పాట తెలుసు కాబట్టే నవ్వొస్తుంది. తెలియనివాడు ఏదో కొత్తగా ఉందే అని ఊరుకుంటాడు.

ఆ లెక్చరర్‌గారు పోయారు. పోయిన ఏడాది వాళ్లబ్బాయి ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు తెచ్చాడు, పెన్‌డ్రైవ్‌లోకి మార్చమని. బెంగళూరులో ఉద్యోగం, రెండు రోజుల్లో వెళ్లిపోవాలి. నా చేతిరాత లేబుల్ చూసి గుర్తుపట్టాను. ముందు బీ సైడ్ పెట్టి వినిపిస్తే అతను "ఇది పొరపాటున రికార్డయినట్టుంది అంకుల్, వదిలేయండి" అన్నాడు. పొరపాటు కాదని చెప్పి క్యాసెట్ చేతికిచ్చి చూడమన్నాను. టేపు బీ సైడ్ మధ్యలో ఆగి ఉంది. నాన్నగారు చివరిసారి ఆపింది అక్కడే.

అతను కుర్చీ లాక్కుని మిగతా పావుగంటా విన్నాడు. ఫైలుకు ఏం పేరు పెట్టమంటారని అడిగాను. వాళ్ల ఊరి పేరు చెప్పి, దాని పక్కన 'మల్లన్న కథ' అని కొట్టమన్నాడు.